మడత తప్పిన రాకెట్టు కథ

ప్రెస్సులో ముప్పై ఏళ్లు సీసపు అక్షరాలు పేర్చిన కంపోజిటరు సైన్సు కథలెందుకు రాశాడంటే, పత్రికలో పేజీలు మిగిలేవి కాబట్టి. పేరున్న రచయితలు ముఖం చాటేసిన నెలల్లో ఎడిటరు వచ్చి, "ఎనిమిది పేజీలు నింపవయ్యా" అనేవాడు. ఈయన కాగితం ముట్టేవాడు కాదు. నిలబడ్డచోటే కథ అల్లుకుంటూ నేరుగా అక్షరాల్లో కూర్చేవాడు. ఎనిమిదో పేజీ ఆఖరి వరుసలో కథ ముగిసేది. ఆయన గర్వమల్లా అదే.

ఇన్నాళ్లకి, డెబ్బై ఎనిమిదో ఏట, ఒక పరిశోధకుడు వెతుక్కుంటూ ఇంటికి వచ్చాడు. చెదలు వదిలేసిన పాత సంచికల్ని ఎవరో స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారట. అందులోని రాకెట్టు కథను పుస్తకంగా వేస్తారట. అనుమతి పత్రం మీద సంతకం కావాలట.

"కాలాన్ని ముక్కలు చేసేశారండీ! రాకెట్టు ముందు దిగుతుంది, తర్వాత బయల్దేరుతుంది. ఆ రోజుల్లోనే ఎంత సాహసం!"

ముసలాయన ప్రింటవుట్లు తిరగేశాడు. "సాహసం బైండరుది బాబూ. ఎనిమిది పేజీలూ కలిపి అచ్చేసిన పెద్ద కాగితం, అదే ఫారం, తప్పుగా మడిచాడు. కటింగులో పేజీ నంబర్లు కూడా ఎగిరిపోయాయి."

"ఆ నెల ఈయన సరిగా అన్నం తినలేదు నాయనా" అంది భార్య.

ఆ కథ ఒక్కసారైనా వరసగా అచ్చు కావాలన్నది అప్పట్నుంచీ ఆయన కోరిక. కాగితాలు బల్ల మీద పరిచి, సరిచేసి అందించాడు. చదువుతుంటే పరిశోధకుడి మొహం వాడిపోయింది.

"ఇలా అయితే మామూలు కథేనండీ. రాకెట్టు వెళ్లింది, వచ్చింది."

"మరి రాకెట్టు ఇంకేం చేస్తుంది?"

"దీనికి నలభై పేజీల ముందుమాట రాసేశానండీ."

"ఎనిమిది పేజీల కథకా? మా ఎడిటరుంటే తోలు తీసేవాడు."

పరిశోధకుడు తల గోక్కున్నాడు. "పోనీ, దీన్ని చివర అనుబంధంగా వేస్తాం. చిన్న అక్షరాల్లో. 'రచయిత తర్వాత మార్చిన పాఠం' అని."

"మార్చానా? నేనా?" పెద్దాయన పత్రాన్ని సంతకం చెయ్యకుండానే వెనక్కి తోశాడు. "తప్పు ఫారం ఒకసారి నా కళ్లుగప్పి బయటికి పోయింది. ఈసారి నేను చూస్తూనే ఉన్నాను. వెళ్లి రండి."

అతను మెట్లు దిగాక భార్య సణిగింది. "చిన్న అక్షరాలైతేనేం? సరిగ్గా అచ్చయ్యేది కదా."

"తప్పుడు దానికి తోకగానా? అక్కర్లేదు" అని, ఆయన వరస పెట్టిన కాగితాలకు దారంతో కుట్టు వెయ్యడానికి కూర్చున్నాడు.