రోజు విడిచి రోజు బడి

2021 మొదట్లో, కరోనా కాస్త తెరిపినిచ్చాక, ప్రాథమిక పాఠశాలలు మళ్ళీ తెరవమని మాకు ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను జమ్మలమడుగు దగ్గర ఒక నల్లరేగడి పల్లెలో హెడ్‌మిస్ట్రెస్‌ని. పేరు పెద్దదే గానీ బడిలో ఉన్నది ఇద్దరు టీచర్లం, రెండు గదులు, ఒక వరండా. తాళం తీసేదీ నేనే, గంట కొట్టేదీ నేనే. ఊరి పేరు మాత్రం రాయను. మా వైపు ఊరి పేరు చెబితే చాలు, ఏ వర్గం, ఏ పార్టీ, ఎవరి మీద ఏ కేసు అన్నది వినేవాళ్ళే అందుకుని చెప్పేస్తారు.

మా తాత మిషన్ బడిలో చదువుకుని అక్కడే పంతులయ్యాడు. ఇంట్లో మూడు తరాలుగా టీచర్లమే కాబట్టి వర్గాల ఊళ్ళలో ఎలా మెలగాలన్నది నాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ఎవరింట్లోనూ కాఫీ తాగకూడదు, తాగితే రెండు వైపులా తాగాలి. నాకు కాఫీ అంటే ప్రాణం, అయినా ఆ ఊళ్ళో గుక్కెడు ముట్టలేదు.

ఊరికి రెండే వీధులు. పై వీధికి మాజీ సర్పంచ్ పెద్ద దిక్కు. కింది వీధికి సొసైటీ ప్రెసిడెంట్, అంటే రైతులకు అప్పులూ ఎరువులూ ఇచ్చే సహకార సంఘానికి ఒకప్పటి అధ్యక్షుడు. నరుక్కోవడాలు ఆగి చాలా ఏళ్ళయింది గానీ వీధులు కలవలేదు. టీవీలో సామాజిక దూరం పాటించండి అని చెబుతుంటే నాకు నవ్వొచ్చేది. మా ఊరు దాన్ని ఒక తరం ముందే మొదలుపెట్టింది.

బడి ఎలా తెరవాలో చెప్పే కాగితాన్ని మేము ఎస్.ఓ.పి. అంటాం. గదిలో పిల్లలు ఎడంగా కూర్చోవాలి, చోటు చాలకపోతే సగం మంది ఒక రోజు, మిగతా సగం మరుసటి రోజు రావాలి అని అందులో ఉంది. ఈ సగాలనే బ్యాచ్‌లంటాం. సరిగ్గా అప్పుడే పంచాయతీ ఎన్నికలూ వచ్చిపడ్డాయి. పాత కేసులున్న మగవాళ్ళందరినీ బైండోవర్ చేశారు. గొడవకు దిగబోమని అధికారి ముందు పూచీకత్తు రాసివ్వడమన్నమాట. ఊరంతా పైకి మర్యాదగా, లోపల బిర్రుగా ఉంది.

ముందు మాజీ సర్పంచ్ వచ్చాడు.

"మా పిల్లోల్ని ఒగ దినం, వాళ్ళ పిల్లోల్ని ఒగ దినం పిలుచుకో మేడం. ఎలచ్చన్లు అయ్యేదాకా అంతే. పిల్లోళ్ళు కొట్టుకుంటే రేపు పెద్దోళ్ళు దిగాల్సొస్తాది."

సాయంత్రానికి ప్రెసిడెంట్ వచ్చి అదే మాట అన్నాడు. ఎదురెదురుగా నిలబడితే మొహం తిప్పుకునే ఇద్దరూ ఒకే కోరికతో వచ్చారంటే చిత్రమే. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నా బడిలో రోల్ నంబరు తప్ప ఇంకో వర్గం లేదనుకునేదాన్ని. బేసి నంబర్లు ఒక బ్యాచ్, సరి నంబర్లు ఇంకో బ్యాచ్ అని మనసులో నిశ్చయించుకున్నాను. రెండు వీధుల పిల్లలూ పక్కపక్క వరసల్లో కూర్చోవాల్సిందే, ఎవరేం చేస్తారో చూద్దాం అనుకున్నాను.

బడి తెరిచే ముందు ఆదివారం జమ్మలమడుగులో చర్చి నుంచి బయటికి వస్తుంటే గేటు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకరు పై వీధి లక్ష్మీదేవి, ఇంకొకరు కింది వీధి ఓబులమ్మ. ఇద్దరి కూతుళ్ళూ నా దగ్గర అయిదో తరగతి. భార్గవి లక్ష్మీదేవి కూతురు, శైలజ ఓబులమ్మ కూతురు. ఆ ఇద్దరూ ఒకచోట నిలబడగా నేనెప్పుడూ చూడలేదు. లక్ష్మీదేవి మామగారిని నరికి చంపిన కేసులో ఓబులమ్మ పెద్ద బావ ముద్దాయి. కేసు కోర్టులో నిలవలేదు, పగ మాత్రం నిలిచింది.

"మేడం, ఆ పెద్దమనుషులు చెప్పినట్టే చెయ్యండి," అంది లక్ష్మీదేవి.

"మీరిద్దరూ కలిసి వచ్చి ఈ మాట చెబుతున్నారేంటమ్మా?"

"కలిసి రాలేదు మేడం. వేరేవేరే ఆటోల్లో వచ్చినాం," అంది ఓబులమ్మ. "ఊర్లో ఐతే మాట్లాడుకోలేం. ఈడికి మా ఊరోళ్ళు ఎవురూ రారని వచ్చినాం."

అప్పుడు విషయం చెప్పారు. ఇద్దరి ఇళ్ళూ వీధుల చివర ఉన్నాయి, పెరటి గోడ ఒకటే. ఇద్దరికీ నడక నేర్చిన చంటిబిడ్డలున్నారు. ఓబులమ్మ భర్త గొర్రెల మందతో మైలవరం వైపు కొండల్లో ఉంటాడు. లక్ష్మీదేవి భర్త ప్రొద్దుటూరు నూనె మిల్లులో హమాలీ, వారానికోసారి వస్తాడు. లక్ష్మీదేవి బిడ్డను చూసుకునే ఆమె అత్త కరోనాతో పోయింది. అంగన్‌వాడీలో సరుకులు ఇంటికిస్తున్నారు తప్ప పిల్లల్ని కూర్చోబెట్టుకోవడం లేదు. అది శనగ కోతల కాలం. ఎండ ముదిరితే కాయలు రాలిపోతాయి కాబట్టి మంచు ఆరకముందే చేనుకు చేరాలి. కూలీల గుంపులో ఒక పూట మానేస్తే ఆ చోటు ఇంకొకరిది. అందుకే బడి మూసినన్నాళ్ళూ ఆడపిల్లలిద్దరూ ఇళ్ళలో ఉండి, పెరటి గోడ మీదుగా చంటివాళ్ళను అందుకుంటూ చూసుకున్నారు.

"ఒగ పాప బడికి పోయిన దినం ఇంగొగ పాప ఇద్దరు బిడ్డల్నీ చూసుకుంటాది. మీరు ఇద్దర్నీ ఒగే దినం పిలిస్తే ఇద్దర్నీ బడి మాన్పించాల్సిందే మేడం. మాకు వేరే దోవ ల్యా," అంది లక్ష్మీదేవి.

ఇద్దరి రోల్ నంబర్లూ బేసివేనని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఇద్దరూ తెలివైన పిల్లలు. ఆ ఏడాది కాస్తా తప్పిపోతే అయిదో తరగతి ఆడపిల్ల మా పల్లెల్లో మళ్ళీ బడి మెట్టు ఎక్కడం కష్టం. చేతికందిన పనికి అలవాటుపడిపోతుంది.

"సరే, మిగతా వాళ్ళను కలిపేసి మీ పిల్లలిద్దరినే వేరే చేస్తాను," అన్నాను. పట్టుదల అంత తొందరగా వదులుతుందా!

ఓబులమ్మ తల అడ్డంగా ఊపింది. "వద్దు మేడం. అందురినీ కలిపి మమ్మల్ని మాత్రం విడదీస్తే ఎందుకని అడుగుతారు. పెద్దోళ్ళు చెప్పినట్టే చేస్తే ఎవురి కన్నూ మా మీద పడదు."

ఊరిని విడదీయడానికి ఇద్దరు మగవాళ్ళు వేసిన గీత మీదే ఈ ఇద్దరు ఆడవాళ్ళు ఉయ్యాల కట్టుకున్నారు. చదువుకున్నదాన్ని, సర్వీసున్నదాన్ని, నాకు ఆ ఆలోచన రాలేదు. మరుసటి రోజు బడిలో వీధుల ప్రకారమే బ్యాచ్‌లు ప్రకటించాను. పెద్దమనుషులిద్దరూ ఎవరికి వాళ్ళే గెలిచామనుకున్నారు. ఒకాయన పెట్టె నిండా శానిటైజర్ సీసాలు పంపితే, రెండో ఆయన పోటీగా థర్మల్ స్కానర్ పంపాడు. అది నుదుటికి గురిపెట్టి జ్వరం చూసే తుపాకీలాంటి పరికరం. దాన్ని గురిపెడితే పిల్లలు పకపకా నవ్వేవాళ్ళు. పెద్దవాళ్ళు మాత్రం అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేసేవాళ్ళు.

ఆ ఏర్పాటు న్యాయమైనదని నేననను. పదేళ్ళ పిల్ల రోజు విడిచి రోజు ఇద్దరు చంటివాళ్ళను మోయడం ఏం న్యాయం? కానీ ఆ పిల్లలు ఎంత ముచ్చటగా నెగ్గుకొచ్చారో చెప్పకపోతే అదీ అన్యాయమే. సోమవారం భార్గవి బ్యాచ్‌కు భిన్నాల కూడిక చెప్పాను. మంగళవారం అదే పాఠం మొదలుపెట్టబోతే శైలజ అప్పటికే లెక్క చేసి చూపించింది.

"ఎవరు నేర్పారే నీకు?"

శైలజ అటూ ఇటూ చూసి నా దగ్గరకొచ్చి గుసగుసగా చెప్పింది. "భార్గవి చెప్పింది మేడం. గోడ కాడ. మీ మాదిరే అరిచింది గూడా."

ఇలా కోతలు సగానికి వచ్చాయి. పోలింగ్ దగ్గరపడింది. ఓట్ల కోసం మాజీ సర్పంచ్ చేతులు జోడించుకుని కింది వీధిలోకి కూడా వెళ్ళాడు. ఓబులమ్మ ఇంటి అరుగు మీద శైలజ ఇద్దరు చంటివాళ్ళకు అన్నం తినిపిస్తోంది. అందులో ఒకటి పై వీధి లక్ష్మీదేవి చిన్న కూతురు. తెలిసిన మొహం కనబడగానే ఆ పసిది "తాతా!" అని చేతులు చాచిందట. ఆయన వెంట పది మంది ఉన్నారు.

ఆ సాయంత్రం బడి వదిలాక ఆయన మనుషులతో సహా వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. లక్ష్మీదేవికి కబురు పెట్టాడు. ఆమె చేను నుంచి అటే వచ్చింది. వెనకే, పిలవకుండానే, ఓబులమ్మ వచ్చింది. లక్ష్మీదేవి చంటిదాన్ని చంకనేసుకుని శైలజ కూడా వచ్చింది. ఆ ఊళ్ళో ఇంతకంటే చిన్న సంగతులకు తలలు పగిలాయి.

"మేడం, ఇది మీకు తెలుసునా?" అన్నాడు ఆయన.

"తెలుసు సార్. మీరు చెప్పినట్టే కదా బ్యాచ్‌లు వేశాను," అన్నాను.

ఆయన లక్ష్మీదేవి వైపు తిరిగాడు. "ఏమ్మే లచ్చిందేవీ, మీ మామను నరికినోళ్ళ ఇంట్లో బిడ్డను పెడతాండావా? సిగ్గుగా లేదా?"

ఓబులమ్మ ముందు తన చేతులు చూసుకుంది. శనగ చెట్టు పులుపు చేతికి అంటితే మంట పుడుతుంది, పసిపిల్లల ఒంటికైతే మరీను. ఆమె కొళాయి దగ్గరకు వెళ్ళి, మేము పిల్లల కోసం పెట్టిన సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చి శైలజ చంకలోంచి బిడ్డను తీసుకుంది. అందరూ చూస్తుండగా, శత్రువు ఇంటి బిడ్డను. పసిది ఆమె మెడను కరుచుకుని భుజం మీద తల వాల్చింది.

అప్పుడు లక్ష్మీదేవి నోరు విప్పింది.

"సిగ్గు శానా ఉందప్పా. మా అత్తను అంబులెన్సు ఎక్కించిన పొద్దు నేనూ తోడు పోవాల్సొచ్చె. బిడ్డను పట్టుకోమని మన వీధిలో ప్రతి తలుపూ తట్టినా. మీ తలుపు గూడా తట్టినా. రోగం వస్తాదని ఒగరూ తియ్యకపాయిరి. ఈయమ్మ గోడ అవతల నుంచి చేతులు సాంచి తీసుకునింది. నేను వర్గం మారలేదప్పా. ఓటు మీకే ఏస్తా. బిడ్డను మాత్రం ఓబులక్కకే ఇస్తా."

ఆయన వెనక నిలబడినవాళ్ళలో కొందరు తలలు దించుకున్నారు. ఆ తలుపుల వెనక ఉన్నది వాళ్ళే కదా. ఆయన లేచాడు. "పొద్దుపోయింది. బిడ్డకింత అన్నం పెట్టుకోపో" అని వెళ్ళిపోయాడు. ఆ మాట అనడానికి ఆయనకూ ఎంత ధైర్యం కావాల్సొచ్చిందో నాకు తెలుసు, అందుకే ఆయన్నీ మెచ్చుకుంటాను.

ఎన్నికల్లో ఎవరు గెలిచారన్నది ఇక్కడ అనవసరం. పోలింగ్ అయ్యాక బ్యాచ్‌లు తీసేశాం, అంగన్‌వాడీ తెరిచారు, రెండు వీధుల పిల్లలూ ఒకే వరసలో కూర్చున్నారు. కొన్నాళ్ళకు కరోనా రెండో విడత వచ్చి బడి మళ్ళీ మూతపడింది. ఈసారి ఆ గోడ దగ్గర ఎవరూ చాటుగా మాట్లాడుకోలేదు. ఇంకో రెండు మూడు ఇళ్ళ పిల్లలు కూడా అటూ ఇటూ చేతులు మారారని విన్నాను. భార్గవి, శైలజ హైస్కూలుకు ఒకే ఆటోలో వెళ్ళారు.

బెంచీలు కలిపితే ఊరు కలుస్తుందని నేను అనుకున్నాను. లక్ష్మీదేవి, ఓబులమ్మ ఊరిని కలపాలనుకోలేదు. కలిసిందని గొప్పలూ చెప్పుకోలేదు. బిడ్డ ఏడవకుండా ఉండాలి, పెద్దపిల్ల బడికి పోవాలి, అంతే అనుకున్నారు. అందుకోసం ప్రాణభయం కూడా పక్కన పెట్టారు. నా సర్వీసులో నాకు చాలామంది అధికారులు చాలా శిక్షణలిచ్చారు గానీ, బడి తెరవడమంటే ఏమిటో నేర్పింది మాత్రం ఈ ఇద్దరే. ఇప్పుడు పై నుంచి ఏ ఉత్తర్వు వచ్చినా, సంతకం పెట్టే ముందు నన్ను నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఈ పిల్ల బడిలో ఉన్నంతసేపూ, ఇంట్లో చంటిబిడ్డ ఎవరి చేతుల్లో ఉంటుంది?