ఆకుపచ్చ దారం మూట

భాగ్యమ్మ పొద్దున్నే చాయ్ గ్లాసు పట్టుకుని గడపలో కూర్చుని మొదట చూసేది ఎదురింటి డాబా మీదికి. దండం పెట్టడానికి కాదు, తప్పు పట్టడానికి. రాంచందర్ ఇంట్లో పై వాటా అద్దెకు తీసుకున్న సంధ్యారాణి ఆ డాబా మీద పాత పెయింటు డబ్బాల్లో పూలమొక్కలు పెంచుతుంది. అందులో ఒక మొక్క వాడినట్టు కనిపిస్తే భాగ్యమ్మకు ఆ పూట చాయ్ తియ్యగా ఉంటుంది. అన్నీ పచ్చగా కనిపిస్తే అదే చాయ్ చేదు.

మట్టెవాడలో మా గల్లీ మొత్తానికి ఈ సంగతి తెలుసు. తెలియనట్టు ఉండటం కూడా తెలుసు. ఎందుకంటే భాగ్యమ్మ చెడ్డ మనిషి కాదు. ఎవరింట్లో జ్వరం వచ్చినా జావ కాచి పట్టుకెళ్లే మొదటి మనిషి ఆమే. బియ్యం అడిగితే ఇస్తుంది, బిందె అడిగితే ఇస్తుంది. పూల విత్తనం అడిగితే మాత్రం మొహం మారిపోతుంది.

ఆమె భర్త కైలాసం ముందు గదిలో మగ్గం మీద జంపఖానాలు నేస్తాడు. ఇంటి వెనక నాలుగు మంచాలు పట్టేంత పెరడు. ఆ పెరడు భాగ్యమ్మ రాజ్యం. బంతులు, చామంతులు ఎవరైనా పెంచుతారు. ఆమె పెరట్లో పట్టుకుచ్చు పూస్తుంది. సీతజడ అంటారు కొందరు. బజార్లోనూ దొరుకుతుంది గానీ, అది వేరు, ఇది వేరు. ఈమె పువ్వు వంకాయ రంగు కలిసిన ఎరుపు, అరచెయ్యంత వెడల్పు, ముట్టుకుంటే మఖ్మల్. ధర్మసాగర్ నుంచి తల్లి సమ్మమ్మ కొంగున కట్టుకొచ్చి ఇచ్చిన విత్తనం అది. సమ్మమ్మ పోయింది. పుట్టింటి పెరట్లో తమ్ముడు గట్టయ్య ఇల్లు పెంచి సిమెంటు పోయించాడు. ఆ పువ్వు ఇప్పుడు భూమ్మీద ఉందంటే భాగ్యమ్మ పెరట్లోనే ఉంది. గల్లీలో ఎవరైనా అడిగితే, "ఈసారి గింజ పట్టలేదమ్మా" అనేది. ఏటా పట్టేది.

సద్దుల బతుకమ్మ నాడు గల్లీ మలుపులో అందరి బతుకమ్మలనూ ఒకచోట పెడతారు. నడుమ పెట్టేది భాగ్యమ్మదే. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు, ఆమె తెచ్చి నడుమ దించుతుంది, తక్కినవాళ్లు చుట్టూ పెడతారు. అట్లా ఎన్నో ఏళ్లుగా నడిచింది. పోయినేడు పాట ఎత్తే వినోద ఉన్నట్టుండి, "జర పక్కకు జరుపు వదినా, సంధ్యది నడుమ పెడ్దాం, మస్తు ఎత్తున్నది" అంది. వినోద ఏ ఉద్దేశమూ లేకుండానే అంది. అదే భాగ్యమ్మకు మరీ మండింది. కావాలని అంటే తిట్టేది. ఏ ఉద్దేశమూ లేకుండా అంటే, నిజంగానే అట్లా కనిపించినట్టే గదా.

జరిపింది. చప్పట్లు కొట్టింది. పాట మాత్రం పాడలేదు. బ్లౌజులు కుట్టుకునే పిల్ల, మొన్న మొన్న వచ్చిన పిల్ల, డబ్బాల్లో పెంచిన బంతిపూలతో తన చోటు తీసుకుంది. ఇంటికొచ్చి సద్దుల్లో నువ్వుల ముద్ద తింటూ కూడా ఆమె చెవిలో "జరుపు, జరుపు" అనే వినిపించింది.

అప్పటి నుంచే రాబోయే బతుకమ్మకు తయారీ మొదలుపెట్టింది. ఎండిన పట్టుకుచ్చు పూలను చాటలో నులిమి, పొట్టు ఊది గింజ తీసింది. ఆవగింజ కంటే సన్నం, నల్లగా, నిగనిగలాడుతూ. తోటకూర విత్తనం కూడా అచ్చం ఇట్లాగే ఉంటుంది. రెండూ పక్కపక్కన పోస్తే విత్తనాల దుకాణం వాడు కూడా తడబడతాడు. అందుకే భాగ్యమ్మ ఇంట్లో మొదటి నుంచీ ఒక పద్ధతి. విత్తనాలను పాత గుడ్డలో మూట కట్టి, మగ్గం మీద మిగిలిన నూలుతో ముడేస్తారు. ఎర్ర దారం పట్టుకుచ్చుకు, ఆకుపచ్చ దారం తోటకూరకు. వేపాకు వేసిన రేకు డబ్బాలో అటక మీద ఉంటాయి. ఈ పద్ధతి కైలాసానికీ తెలుసు.

కైలాసానికి తెలియడమే ఆమె భయం. ఆ మనిషికి లేదనడం రాదు. గట్టిగా అడిగితే మగ్గం కూడా విప్పి ఇచ్చే రకం. ఒక మధ్యాహ్నం సంధ్యారాణి డాబా మీద సగానికి కోసిన నీలం డ్రమ్ములో ఎర్రమట్టి నింపుతూ కనిపించింది. కొత్త డ్రమ్ము, అంత వెడల్పు! బంతికి డబ్బాలు చాలవా? ఇది దేనికోసమో భాగ్యమ్మకు క్షణంలో అర్థమైంది. అంటే, అర్థమైందని అనుకుంది. నేను ఇంట్లో లేని రోజు చూసి వస్తుంది, ఈయన డబ్బా దించి ఇస్తాడు, వచ్చే పండక్కి మా అమ్మ పువ్వు కూడా ఆమె బతుకమ్మ మీదే ఉంటుంది!

వెంటనే స్టూలెక్కింది. డబ్బా దించి రెండు మూటలూ విప్పింది. పట్టుకుచ్చుకు ఆకుపచ్చ దారం కట్టింది, తోటకూరకు ఎర్ర దారం. ఇప్పుడు రానీ. ఎర్ర దారం మూట తీసుకుపోయి, విత్తి, నీళ్లు పోసి, మూడు నెలలు ఎదురుచూసి తోటకూర చూసుకోనీ. ఆ మాట తలచుకుని ఆమె ఒక్కతే నవ్వుకుంది. చాలా రోజులకు వచ్చిన నవ్వు. ఎవరికీ చెప్పలేదు.

ఎండలు ముదిరాక పెరడు తవ్వింది. మేకల ఎరువు చల్లింది. అంతటితో తృప్తి లేక చెరువు మట్టి కోసం ధర్మసాగర్‌లో తమ్ముడింటికి వెళ్లింది. నీళ్లు వెనక్కి తగ్గినచోట నల్లమట్టి ఎత్తించి, ఆరబెట్టి, సంచుల్లో నింపుకుని, కొన్నాళ్లకు ట్రాలీ ఆటోలో వచ్చి దిగింది. డాబా మీది నుంచి సంధ్యారాణి, "మట్టి మస్తున్నది పెద్దమ్మా!" అంది. భాగ్యమ్మ నవ్వింది. ఇంట్లోకి వచ్చాక, "దీని కండ్లల్ల మన్ను వడ, నా మట్టి మీద కూడ కన్నేసింది" అంది. కైలాసం మగ్గం ఆపకుండా విన్నాడు.

మృగశిర కార్తె వచ్చింది. మొదటి వాన మంచిగా పడింది. మర్నాడు పొద్దున విత్తాలని మడి చదును చేసుకుని, చేతులు కడుక్కుని అన్నానికి కూర్చునే వేళకు సంధ్యారాణి గిన్నెతో వచ్చింది.

"పెద్దమ్మా, మా డాబా మీది తోటకూర. పప్పు చేసిన. ఎట్లున్నదో చెప్పాలె" అని గిన్నె పెట్టి, మిషన్ మీద బ్లౌజు ఉందంటూ వెళ్లిపోయింది.

పూలు చాలవని ఇప్పుడు కూరలు కూడా మొదలుపెట్టిందా అని భాగ్యమ్మ గిన్నెను మొగుడి వైపు నెట్టింది. కైలాసం రెండోసారి వడ్డించుకుంటూ, "పొరుగింటి పుల్లకూర రుచి అని ఊకెనే అన్లే" అన్నాడు. ఆ మాటకు ఒళ్లు మండి, ఏదో ఒక వంక పెడదామని భాగ్యమ్మ కూడా ఒక ముద్ద కలుపుకుంది.

ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. తోటకూర ఇట్లా ఉండదు. కొంచెం పసరు, కొంచెం జిగురు, చివర్న చిన్న చేదు. ఈ రుచి ఆమెకు తెలుసు. ధర్మసాగర్‌లో పట్టుకుచ్చు నారు దట్టంగా మొలిస్తే సమ్మమ్మ కొన్ని మొక్కలు పీకి పలచన చేసేది. పీకినవి పారేయక పప్పులో వేసేది. చిన్నప్పుడు తిన్న పప్పు అది.

"ఏమయ్యా, సంధ్య తోటకూర ఇత్తులు ఏడికెల్లి తెచ్చింది?"

"నేనే ఇచ్చిన. నువ్వు ధర్మసాగర్ పోయినప్పుడు అచ్చింది. తోటకూర ఇత్తులుంటే ఇయ్యి పెద్దనాయనా అన్నది."

"ఏ మూట ఇచ్చినవ్?"

"ఏ మూటేంది? ఆకుపచ్చ దారందే."

"మూటంత ఇచ్చినవా?"

"తోటకూర ఇత్తులే గదనే. దానికింత ఫికరెందుకు?"

అటక మీది డబ్బా దించి చూసింది. వేపాకుల మధ్య ఎర్ర దారం మూట ఒక్కటే ఉంది. మొగుణ్ని తిట్టడానికి లేదు. ఆయన ఇంటి పద్ధతి ప్రకారమే ఇచ్చాడు. దొంగకు తేలు కుట్టినట్టయింది భాగ్యమ్మ పని. తల్లి ఇచ్చిన విత్తనమంతా ఎదురింటి డాబా మీద మొలిచి, పప్పులో ఉడికి, తన కంచంలోకే వచ్చింది.

చెయ్యి కడిగీ కడగకుండా గల్లీ దాటి మెట్లెక్కింది. ఎక్కుతూ ఎక్కుతూనే ఆలోచన చేసింది. నిజం చెప్తే ఆ పువ్వు ఆమెకు కూడా దక్కుతుంది. చెప్పకపోతే రేపో మాపో మిగిలింది కూడా పప్పులో పడుతుంది. నిజం చెప్పకుండా మొక్కలు తెచ్చుకునే దారి ఒకటి తోచింది.

డాబా మీద నీలం డ్రమ్ములో సగం ఖాళీ. తక్కిన సగంలో జానెడు మొక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి, కాడలకు లేత ఎరుపు. ఎంత బాగా వచ్చాయి! తన పెరట్లో ఏనాడూ ఇంత ఒత్తుగా మొలవలేదు. అంత తొందరలో కూడా పక్క డబ్బాల్లోని చామంతి పిలకల మీదికి ఆమె కన్ను పోనేపోయింది. అవీ ఏపుగానే ఉన్నాయి.

బ్లౌజు వదిలేసి సంధ్యారాణి కూడా పైకొచ్చింది. "పప్పు మంచిగున్నదా పెద్దమ్మా?"

"మంచిగున్నది బిడ్డా. మీ పెద్దనాయన మల్ల అడుగుతాండు. ఇంకింత ఇస్తవా?"

"గింత దానికి మెట్లెక్కి అచ్చినవా? పిలిస్తే నేనే తెద్దును. మొత్తం తీస్కపో. ఈ డ్రమ్ముల నేను బంతి నారు పోద్దామనుకుంటాన."

"వేర్లతోటి ఇయ్యి."

"వేర్లెందుకు పెద్దమ్మా, అంత మన్నే. కోసిస్త, నీకు పని తప్పుతది." అని సంధ్యారాణి గోడ మీది కత్తి తీసుకుని, ఒక గుప్పెడు మొక్కలు పట్టి, మొదలు దగ్గర కత్తి ఆనించింది.

"కొయ్యకు!"

పక్క డాబా మీద వడియాలు తిప్పుతున్న మనిషి కూడా తిరిగి చూసింది. సంధ్యారాణి కత్తి అట్లాగే పట్టుకుని నిలబడింది.

"అది తోటకూర కాదు. పట్టుకుచ్చు. మా అమ్మ ఇత్తనం. నా కాడ ఇంకొక్క గింజ లేదు."

"మరి తోటకూర మూటల ఎట్లున్నదది?"

భాగ్యమ్మకు ఏదైనా అబద్ధం దొరికితే చెప్పేదే. దొరకలేదు. "నీకియ్యొద్దని దారం మార్చి కట్టిన" అంది.

సంధ్యారాణి నవ్వలేదు. మొహం చిన్నబోయింది. కత్తి గోడ మీద పెట్టింది. "ఆ దినం నేనచ్చింది పట్టుకుచ్చు అడుగుదామనే పెద్దమ్మా. ఈ డ్రమ్ము దానికోసమే తెచ్చిన. గడప కాడ నిలవడ్డంక నోరు రాలే. పెద్దనాయన ఇస్తడు, మల్ల నువ్వు ఆయన్ని తిడ్తవు. అందుకని తోటకూర అడిగి అచ్చిన."

"నీ బతుకమ్మ నడుమ పెట్టుకున్నరు. ఇంకేం కావాలె నీకు?"

"నడుమ పెడితేంది? అందరు నా బతుకమ్మ ఎత్తు చూసిండ్రు. నేను నీ బతుకమ్మ మీది ఎరుపు చూసుకుంటనే తిరిగిన. నాకు లేదాయె అని కండ్లు మండినయి."

నిజం చెప్పాలంటే, భాగ్యమ్మకు ఆ మాట పప్పు కంటే రుచిగా ఉంది. పోయిన బతుకమ్మ నుంచి గుండెలో పడి ఉన్న రాయి కొంచెం కదిలింది. తాను ఈ పిల్లను చూసి ఏడుస్తుంటే, ఈ పిల్ల తనను చూసి ఏడుస్తోందన్నమాట.

"మొత్తం తీస్కపో పెద్దమ్మా. నీయే అవి" అంది సంధ్యారాణి, పాత గరిటె, ఒక తట్ట తెచ్చి చేతికిస్తూ.

తీసుకుపోవాలనే భాగ్యమ్మకు ఉంది. గరిటెతో వేర్లు తెగకుండా మట్టితో సహా లేపుతూ తట్టలో సర్దుకుంది. సగానికి వచ్చాక చెయ్యి ఆగింది. ఔదార్యం అనుకునేరు, కాదు. భయం. పెద్ద వాన వస్తే పెరట్లో నీళ్లు నిలుస్తాయి. అన్నీ ఒక్క మూటలో పెట్టినందుకే ఇవాళ ఇంత పనైంది. మళ్లీ అన్నీ ఒక్క మడిలోనా?

"సగం ఈడనే ఉండనియ్యి. కని కూరకు ముట్టినవో, చూడు మల్ల."

ఆ సాయంత్రమే మడిలో నాటింది. ఒక సంచి చెరువు మట్టి మిగిలితే కైలాసాన్ని పిలిచి ఎదురింటి పైకి మోసుకెళ్లమంది. ఆయన సంచి భుజానికెత్తుకుని, "మొన్నేమో ఆమె కండ్లల్ల మన్ను వడ అన్నవ్. ఇయ్యాల సంచెడు పంపుతానవ్. సంధ్యకేనా?" అన్నాడు.

"సంధ్యకెందుకు? మా అమ్మకు" అంది భాగ్యమ్మ, అటు తిరిగి.

పీకి నాటిన మొక్కలు కదా, పెరట్లోవి కొన్నాళ్లు తల వాల్చి, మెల్లగా తేరుకున్నాయి. డాబా మీదివి కదలకుండా ఉండి, చెరువు మట్టి తిని, వీటికంటే జానెడు ఎత్తు పెరిగాయి. పొద్దున్నే భాగ్యమ్మ గడపలో కూర్చుని పైకి చూసింది. తన మట్టి, తన విత్తనం, ఎదుగుదల మాత్రం ఆమె దగ్గర. అలవాటు చొప్పున ఏదైనా వాడిందేమోనని వెతికింది. మూలన ఒక మొక్క వాడి ఉంది.

చాయ్ గుటక వేసింది. తియ్యగా లేదు. గ్లాసు గడప మీద పెట్టి లేచి, గల్లీ అంతా వినపడేలా కేకేసింది.

"సంధ్యా! ఆ మూలకున్నది వాడిపోతాంది, కండ్లు కనవడ్తలేవా? నీళ్లు పొయ్యి!"