పెద్దనాయన రెండు రికార్డులు

హోట్గి రోడ్డులోని పాతసామాన్ల దుకాణంలో ఒకే సితార్ కచేరీ రికార్డు పాత అచ్చునూ, కొత్త అచ్చునూ పెట్టి వినిపించారు. నాకు రెండూ ఒకేలా ఉన్నాయి. పాత అట్ట వాసనకు మాత్రం జోడ్‌భావి పేట్‌లోని మా ఇల్లు గుర్తొచ్చింది.

పెద్దనాయన దగ్గరా ఇలాంటి జత ఉండేది. ప్రతి ఆదివారం రెండూ పెట్టి పోల్చేవాడు. "పాతది ఏక్‌దమ్ గట్టి నేత బిడ్డా. కొత్తది జల్లెడ," అనేవాడు. పవర్‌లూమ్ కార్ఖానాలో ముప్పై ఏళ్లు పనిచేసి ఆయన చెవులు దాదాపు పోయాయని మాకందరికీ తెలుసు.

ఒకే వాయింపు రెండుసార్లు వినలేక ఒక ఆదివారం నేను స్పీకరు వైరు పీకేశాను. రికార్డు చప్పుడు లేకుండా తిరుగుతోంది. పెద్దనాయన కళ్లు మూసుకుని, "ఆహా, గిది పాతదే," అంటూ తలూపాడు. బీడీలు చుడుతున్న అమ్మ ఫక్కున నవ్వింది. ఆయన కళ్లు తెరిచేసరికి నేను అమ్మతో గుసగుసగా అంటున్నాను: "చెవిటోనికి సితారెందుకే అమ్మా?" గుసగుసలాడితే ఆయనకు తెలియదనుకున్నాను.

ఆయన సూది ఎత్తాడు.

"మగ్గాల మోతల మాటలు వినపడవు బిడ్డా. కార్ఖానల మేమందరం మూతులు చూసే ముచ్చట పెట్టుకునేటోళ్లం," అన్నాడు.

రికార్డులు రెండూ అట్టల్లో పెట్టేశాడు. మళ్లీ తీయలేదు.

మాకు బుద్ధొచ్చిందని రాసుకోవాలని ఉంది. రాలేదు. ఆ తర్వాత ఆయన్ని చూసి నవ్వాలనిపించినప్పుడల్లా అమ్మ కొంగు, నేను చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లం.