శుభలేఖ బుట్టకమ్మలు

తొంభైల చివర్లో రాజమండ్రిలో నేను డిజైనర్‌ని. ఆ మాట అన్నది దేవీచౌక్ దగ్గరి ఫ్యాన్సీ షాపాయన ఒక్కడే. మా అమ్మ మాత్రం ఎవరడిగినా, "కాగితాలు కత్తిరిస్తుందండి" అనేది. రెండూ నిజమే.

నాన్న పనిచేసే ప్రెస్సులో శుభలేఖలు వేసేవారు. పేరు తప్పు పడ్డవీ రంగు అలికినవీ మా ఇంటికొచ్చేవి. వాటిమీద ఉబ్బెత్తుగా తేలిన లతలనీ హంసలనీ చిన్న కత్తెరతో కత్తిరించి, వంచి అతికించి, వార్నిష్ పూస్తే బుట్టకమ్మలయ్యేవి. చెవికి బరువే తెలియదు. వానలో మాత్రం పెట్టుకోకూడదు. వినాయకుడి బొమ్మ జోలికి వెళ్ళేదాన్ని కాదు. దేవుణ్ణి చెవికి వేలాడదీస్తే అమ్మ నన్ను వేలాడదీసేది. ఆవిడ నా కమ్మలు ఒక్కసారీ పెట్టుకోలేదు.

ఓసారి నాన్న ఏ తప్పూ లేని కార్డుల కట్ట తెచ్చాడు. దంతపు రంగు అట్ట, అంచంతా మామిడి పిందెలు. నాలుగు మూలలా పసుపు కూడా రాసేశారు, ఇక పంచడమే తరువాయి. ఆ పెళ్ళి ఆగిపోయిందట. పెళ్ళికూతురి తండ్రి కట్టని ప్రెస్సులో పెట్టి, "ఇంట్లో ఉంచకూడదంటున్నారండి" అని వెళ్ళిపోయాడట. ఎందుకు ఆగిందో నాన్న అడగలేదు. ప్రెస్సువాళ్ళు అక్షరదోషాల గురించే అడుగుతారు.

ఆ కట్ట గుమ్మం దాటడానికి వీల్లేదంది అమ్మ. పెరటి దారిన తెచ్చుకున్నాను. పసుపు మూలలు కత్తిరించేస్తే అది మామూలు అట్టేనని నాకు నేనే చెప్పుకున్నాను. అంత మంచి కమ్మలు అంతకుముందెప్పుడూ చేయలేదు.

షాపులో పెట్టిన వారానికి ఒకావిడ ఇంటికొచ్చింది. స్కూల్లో టీచరట. షాపాయన అడ్రసిచ్చాడంది. అరచేతిలో నా కమ్మ ఉంది.

"ఈ పిందెలు నేనే ఎంచుకున్నానండి. మా నాన్నగారు కలశం బావుందన్నారు."

కమ్మ తిప్పి చూపించింది. లోపలివైపు ఆవిడ పేరులో చివరి రెండక్షరాలున్నాయి.

"తెలియక చేశానండి" అన్నాను. అది అబద్ధం. సిగ్గేసి ఆ సంగతీ చెప్పేశాను.

"పసుపు మూలలేం చేశారు?"

"తులసి మొదట్లో వేశానండి."

"మంచి పని చేశారు."

అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, సంచిలోంచి ఒక కాగితం తీసింది. పెళ్ళికి పిలవాల్సిన స్నేహితురాళ్ళ, తోటి టీచర్ల పేర్లు.

"వీళ్ళందరికీ ఒక్కో జత కావాలండి. పెళ్ళి ఆగిందని తెలిసినప్పటినుంచి నన్ను చూసి పక్కకి తప్పుకుంటున్నారు. ఏం మాట్లాడాలో తెలీదు పాపం. నేనే వెళ్ళి ఇస్తాను. కార్డులు ఎలాగూ వాళ్ళవే కదా."

నెలరోజులు అదే పని. పాడైతే పనికొస్తాయని రెండు జతలు ఎక్కువే చేసిచ్చాను.

పట్టుకెళ్ళిన పది రోజులకు, జోరు వానలో మళ్ళీ వచ్చింది. గుమ్మంలో గొడుగు విదిలించుకుంటూ, "అందరూ తీసుకున్నారండి" అంది. "ఒకావిడైతే కూర్చోబెట్టి భోజనం పెట్టింది. స్టాఫ్ రూములో మళ్ళీ నా పక్కన కూర్చుంటున్నారు."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

ఆవిడ కుంకుమభరిణ అడిగి తీసుకుని, పెళ్ళికి పిలిచినట్టే నాకు బొట్టు పెట్టి, మిగిలిన రెండు జతల్లో ఒకటి చేతికిచ్చింది. రెండోది పట్టుకుని చుట్టూ చూసింది. ఆ కట్టని గుమ్మం దాటనివ్వనన్న మా అమ్మ తలుపు చాటు నుంచి వచ్చి, నుదురు ముందుకు పెట్టింది. బొట్టు పెట్టించుకుని, బంగారు దుద్దులు తీసి కొంగున ముడేసుకుని, ఆ కమ్మలు పెట్టుకుంది.

ఆవిణ్ణి రిక్షా ఎక్కించడానికి వీధిలోకి వెళ్ళినప్పుడు, వానలో, అవి అమ్మ చెవులకే ఉన్నాయి.