బావమరిది కొత్త బూటు

పరీక్షశాలలో కృత్రిమ కాళ్లను నొక్కి చూసే హైడ్రాలిక్ యంత్రానికి గెయిన్, అంటే పిస్టన్ ఎంత జోరుగా స్పందించాలో, సరిచేసే బావకు నిదానమే ప్రాణం. ఆ రోజు పరీక్షకు ఒకే ఒక్క కృత్రిమ కాలు వచ్చింది. అది విరిగితే, దానికోసం ఎదురుచూస్తున్న మనిషికి మళ్లీ నెలల నిరీక్షణ.

“గెయిన్ ఒకేసారి పెంచెయ్ బావా, ఈ నత్తనడకేంటి!” అన్నాడు తోటి ఉద్యోగి అయిన బావమరిది.

“అలాగే. ముందు నీ బూటు పెట్టి చూద్దాం.”

అతను రోషంగా విప్పి ఇచ్చాడు. గెయిన్ పెంచగానే పిస్టన్ పూనకం వచ్చినట్టు ఊగిపోయి బూటును నుజ్జు చేసింది.

“ఇంకాస్త పెంచనా?”

“బాబ్బాబూ, తగ్గించు!”

బావ దేవుడికి దణ్ణం పెట్టుకుని, కాలు బిగించి, గెయిన్‌ను కొద్దికొద్దిగా పెంచాడు. పిస్టన్ పసిపాప పాదం ఒత్తినంత మెత్తగా కదిలింది. కాలు విరగకుండా నిలిచింది.

“బూటు కొనిచ్చింది అక్క! కుక్క ఎత్తుకెళ్లిందని చెప్పవూ?”

“అబద్ధమాడను. నా చేతిలోనే నలిగిందంటాను. మీ అక్క తిట్లు నాకు అలవాటేగా!”