పసుపు రంగు వేసిన బంతులు

నా చిన్నప్పుడు మా ఉప్పుగూడ సందులో గోల్ఫ్ అనే ఆట తెలిసిన ఇల్లు ఒక్కటే ఉండేది, మా పక్కింటి అక్కవాళ్లది. అక్కవాళ్ల నాన్న ఊరి చివర ఒక గోల్ఫ్ మైదానంలో గడ్డి పెంపకం చూసుకునేవాడు. అక్కడి క్లబ్బు సభ్యులు రాని రోజున పనివాళ్ల పిల్లలు అక్కడ ఆడుకోవచ్చట. అక్క అలా చిన్నతనంలోనే ఆట నేర్చుకుంది. నేను చెప్పే రోజులకు ఆమె దగ్గర్లోని ఆడపిల్లల బడిలో ఆటల టీచర్. తెల్ల కాన్వాస్ బూట్లు, మెడలో విజిల్‌తో మా సందులోంచి సైకిల్ మీద వెళ్లే ఆడమనిషి ఆమె ఒక్కతే. ఆదివారం మాత్రం చక్కగా చీర కట్టుకుని వాళ్లమ్మతో చర్చికి వెళ్లేది.

ఆ ఏడు వానల్లో నేను రైల్వే స్టేషన్ మెట్ల మీద జారిపడ్డాను. ఎడమ మోచేయి విరిగింది. కట్టు విప్పాక చేయి పూర్తిగా చాపుకోలేకపోయాను, కాస్త వంగినట్టే ఉండిపోయింది. రోజూ కదిలించకపోతే అలాగే బిగుసుకుపోతుందని డాక్టరు అమ్మను హెచ్చరించాడు. నేను కదిలించలేదు. నొప్పి ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, ఆ చేయి ఎవరి కంటా పడకూడదని. ఖోఖో మానేశాను. బడిలో చివరి బెంచీకి మారాను. అమ్మ కాపడం పెడుతూ బతిమాలేది, కోప్పడేది, ఒక్కోసారి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయేది. నేను చేయి వెనక్కి దాచుకుని గోడవైపు తిరిగి కూర్చునేదాన్ని.

ఒకరోజు సాయంత్రం అక్క మా గడప దగ్గర సైకిల్ ఆపింది. "మా బడి గ్రౌండ్‌కు వస్తవా? నేను బంతులు కొడుతుంటె ఏరేటోళ్లు లేరు" అంది. అమ్మ ముఖం చూశాను. వద్దంటుందనుకుంటే, జడ వేసి మరీ పంపింది.

బడి వదిలాక ఆ గ్రౌండ్ ఖాళీగా ఉండేది. అక్క గోల్ఫ్ కర్రతో కొడితే బంతి గాలిలోకి లేచి, ఆకాశంలో కాసేపు నిలబడినట్టు కనిపించి, ఎక్కడో దూరంగా పడేది. నేను పరుగెత్తి ఏరుకొచ్చేదాన్ని. కొన్నాళ్లకు అక్క కర్ర నా చేతికిచ్చి, "ఊకెనే నిలబడితె బోర్ కొడ్తది గద, నువ్వు గూడ కొట్టు" అంది.

ఆ ఆటలో ఎడమ చేయి తిన్నగా ఉంచాలి. అక్క ఆడుతుంటే చూడడంతోనే ఆ సంగతి నాకు తెలిసిపోయింది. నాది తిన్నగా ఉండదు కాబట్టి కర్ర సగం దాకే లేచేది, నెమ్మదిగా దిగేది. చాలాసార్లు మట్టే లేచింది తప్ప బంతి లేవలేదు. అక్క దిద్దుతుందని ఎదురుచూశాను. ఆమె దిద్దలేదు. గ్రౌండ్ అంచున రాయి మీద కూర్చుని, మోకాళ్ల మీద గడ్డం ఆనించి, రోజుల తరబడి నన్ను చూస్తూ ఉండేది. ఎందుకలా చూస్తోందో అప్పట్లో నాకు అర్థం కాలేదు.

అక్క సంచిలో రకరకాల బంతులుండేవి. నా కంటికి అన్నీ ఒక్కటే, తెల్లగా, గుంటలు గుంటలుగా. నేను ఆశపడింది మాత్రం అక్క ఒకసారి పోటీలో కప్పు గెలుచుకున్న రకం బంతి మీద. పెద్ద ఆటగాళ్లు ఆడేది అదే. దాని తోలు పల్చన. గట్టిగా కొడితే గిరగిరా తిరుగుతూ పోయి, బంతి వేయాల్సిన గుంత దగ్గర, జెండా నాటిన పచ్చిక మీద పడ్డచోటే ఆగిపోతుంది. అడిగితే అక్క కాదనకుండా ఇచ్చింది. నేను కొడితే అది కుడిపక్కకు వంపు తిరిగి గోడ దగ్గరి పొదల్లో పడింది. మళ్లీ కొట్టాను, మళ్లీ పొదలే.

"నా చెయ్యే ఖరాబ్ అక్కా" అన్నాను.

"చెయ్యి సంగతి తర్వాత. ముందు బంతి సంగతి చూద్దాం" అంది అక్క. "నీ కర్ర జర అడ్డం దిగుతది, బంతికి పక్కకు తిరుగుడు తగుల్తది. గిసుంటి బంతికి జరంత తిరుగుడు తగిలినా మస్తు తిరుగుతది. నీది చిన్న తప్పయితె గది పెద్దగ జేసి చూపిస్తది."

"మరి ఇంకోటి ఇయ్యి. దూరం పోయేది."

ఇంకో రకం ఇచ్చింది. గట్టి బంతి. వేగంగా కర్ర తిప్పేవాళ్లకు అది చాలా దూరం పోతుందట. నేను కొడితే రాయిని కొట్టినట్టు మోచేయి దాకా జివ్వుమంది. బంతి నేల మీద దొర్లింది. కర్ర పడేసి ఇంటికి వచ్చేశాను. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

మర్నాడు అక్క వచ్చి ఏమీ జరగనట్టే సైకిల్ వెనక ఎక్కించుకుంది. గ్రౌండ్‌కు వెళ్లి సంచి విప్పితే అన్నీ పసుపు రంగు బంతులు. వాళ్ల గేటుకు వేయగా మిగిలిన పెయింటుతో రాత్రి కూర్చుని వాటికి పూత వేసిందట. ఏది కప్పు గెలిచిన రకమో, ఏది గట్టిదో, ఏది పాతదో చూసి చెప్పలేం. "పేర్లు గీర్లు లేవు ఇయ్యాల. కొట్టుకుంట పో. ఏది మంచిగనిపిస్తె గది నాకు చూపియ్యి" అంది.

కొడుతూ పోయాను. కొన్ని పొదల్లోకి పోయాయి. కొన్ని చేతిని జివ్వుమనిపించాయి. ఇంతలో ఒక బంతి కర్రకు మెత్తగా తగిలింది. తగిలినట్టే లేదు. తలెత్తి చూస్తే అది గాలిలో ఉంది. కొద్దిగా మాత్రమే వంగి, గ్రౌండ్ మధ్యలో పడి, దొర్లి ఆగింది. మొదటిసారి నేను కొట్టిన బంతి వెనక నేనే పరుగెత్తాను. తెచ్చి మళ్లీ కొట్టాను. మళ్లీ లేచింది.

"ఇదే అక్కా! ఇది నీ కప్పు బంతేనా?"

అక్క గోరుతో కాస్త పెయింటు గీకి చూసి నవ్వింది. సంచి అడుగున పడి ఉండే సాదా రకం అది. లోపల మెత్తన, పైన మందపు తోలు. మెల్లగా కొట్టినా లేస్తుంది, పక్కకు ఎక్కువ తిరగదు. పచ్చిక మీద పడ్డచోట ఆగదు, కొంచెం దొర్లుతుంది. అందుకే పెద్ద ఆటగాళ్లు దాన్ని ముట్టుకోరు. "దొర్లనీ. నువ్వు జర ముందుగాల్నే పడేటట్టు కొట్టు, దొర్లి పోయి జెండా కాడికి చేరుతది" అంది అక్క. నాకు కాస్త చిన్నబోయినట్టయింది. కానీ చేయి అబద్ధం చెప్పలేదని కూడా తెలుస్తూనే ఉంది.

ఆ చలికాలం, క్రిస్మస్ అయిపోయాక, గోల్ఫ్ మైదానంలో పనివాళ్ల కుటుంబాలకు ఆటలు పెట్టారు. అక్కవాళ్లు తమతో పాటు అమ్మనూ నన్నూ తీసుకెళ్లారు. పిల్లలకు ఒక పోటీ ఉంది. చిన్న వాగు ఇవతల నిలబడి, అవతల జెండా ఉన్న పచ్చిక మీదికి బంతి కొట్టాలి. ఒక్కొక్కరికి రెండు అవకాశాలు. అక్కడి పెద్దమనిషి ఒకాయన అందరికీ కొత్త బంతులు పంచాడు. మెరిసిపోతున్నాయి. అక్క కప్పు గెలుచుకున్న రకమే.

నా వంతు వచ్చింది. అంతమంది ముందు వంగిన చేయి కనబడకుండా గౌను చేతిని కిందికి లాక్కున్నాను. కొత్త బంతి పెట్టి, అందరిలా కర్ర పైకెత్తబోయాను. మోచేయి ఎత్తనీయలేదు. బంతి కుడికి తిరిగి పొదల్లో పడింది. వెనక ఎవరో పిల్లలు నవ్వారు. అక్క వైపు చూశాను. ఆమె ఏ సైగా చేయలేదు. బడి గ్రౌండ్ అంచున రాయి మీద కూర్చుని ఎలా చూసేదో, అలాగే చూస్తోంది.

జేబులోంచి నా బంతి తీశాను. దాని మీద పసుపు పెచ్చులు ఇంకా ఉన్నాయి. ఈసారి అందరిలా ఎత్తాలని చూడలేదు. నా చేయి ఎంత లేస్తే అంతే ఎత్తి, మెల్లగా దించాను. బంతి వాగు దాటింది. పచ్చిక అంచున పడి, దొర్లి, జెండాకు కాస్త దూరంలో ఆగింది. నాకంటే దగ్గరగా కొట్టినవాళ్లు ఉన్నారు. బహుమతి నాకు రాలేదు. అయినా ఆ సంతోషంలో రెండు చేతులూ తల మీదికి ఎత్తి గంతులేశాను. విరిగినప్పటి నుంచి ఆ చేయి అంత పైకి లేవడం అదే మొదటిసారి. ఆ సంగతి నేను గమనించలేదు. అమ్మ గమనించింది.

బస్సులో తిరిగి వస్తుంటే అమ్మ నా మోచేయి మీద చేయి వేసి చెప్పింది. "నేనే అడిగిన బిడ్డా అక్కను. పిల్ల నా మాట ఇంటలేదు, చెయ్యి గిట్లనే ఉండిపోతదేమో, జర చూడు అని. బంతులు ఏర వంగితె, లేస్తె, చెయ్యి గదే కదులుతది అన్నది అక్క. నీకు చెప్పొద్దన్నది." ముందు సీట్లో అక్క నిద్రపోతోంది. తల కిటికీకి ఆనించి, బూట్లు విప్పుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని. ఆమెను అలా చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. దేనికో చెప్పలేను.

నా చేయి పూర్తిగా తిన్నగా కాలేదు. ఇప్పటికీ కాస్త వంపే. కానీ బిగుసుకుపోలేదు. ఆ చేత్తోనే కుట్టుపని నేర్చుకున్నాను, పిల్లల్ని ఎత్తుకున్నాను, ఇంటి ముందు గదిలో చాలామంది ఆడపిల్లలకు బట్టలు కుట్టడం నేర్పాను. గోల్ఫ్ మళ్లీ ఆడలేదు. అక్కకు పెళ్లయి వేరే ఊరు వెళ్లిపోయాక ఆ కర్రలూ వెళ్లిపోయాయి.

పోయినేడు అక్క ఫోన్ చేసింది. గొంతు ముసలిదైంది గానీ ఆ విసురు అలాగే ఉంది. ఇన్నేళ్లూ చెప్పని మాట చెబుదామని, "అక్కా, నువ్వు గప్పుడు నాకు చేసింది..." అని మొదలుపెట్టాను. పూర్తి కానివ్వలేదు.

"నేనేం జేసిన? నువ్వు కొట్టినవ్. నేను చూసిన. గంతే."

గంతే అంది గానీ, అలా చూడడమే అన్నిటికంటే కష్టమని నేర్పడం మొదలుపెట్టాక తెలిసింది. కొత్తగా ఒక పిల్ల కుట్టు నేర్చుకోవడానికి వస్తే నేను మొదటి రోజుల్లో ఏమీ చెప్పను. కత్తెర ఎలా పడుతుందో, గుడ్డ ఏ చేత్తో లాగుతుందో, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంటుందో చూస్తూ కూర్చుంటాను. "టీచరమ్మ ఏం చెప్తలేదేంది?" అని వాళ్లు ఇంట్లో అంటారట. అననీ. ఆ పిల్ల చేయి ఎలాంటిదో నాకు తెలిశాకే, దానికి తగ్గ సూది ఇస్తాను.