ఆగని గూడ్సు, అందని డబ్బా

ఆ రోజుల్లో నా రాతకు ఎదురులేదు. ఆ రోజులంటే మరీ పాతకాలమేమీ కాదు, రైల్వేలో రిటైరై జగదల్‌పూర్‌లో కొత్త ఫోను కొనుక్కున్న రోజులు (నా రెండో యవ్వనం అనుకోండి). నేను రాసిన ఒక్క పోస్టు చదివి నగర్‌నార్ ఉక్కు ఫ్యాక్టరీ ఇంజనీర్లంతా మా అమ్మాయి వంటింటి ముందు బారులు తీరారు. (బారులంటే... ఫోన్లు చేశారు. అంతా అంటే... కొందరు.)

మా అమ్మాయి ఆఫీసులకు మధ్యాహ్నం భోజనం డబ్బాలు పంపే పని మొదలుపెట్టింది. అడిగేవాళ్లు లేక సగం వంట ఇంట్లోనే మిగిలేది. ఈ నెల కూడా ఇలాగే ఉంటే మానేస్తానంది. "ఉద్యోగస్తులు చదివి, అరె, ఇది మా కథే అనుకోవాలి నాన్నా. అలాంటివి రాసిపెట్టు" అని బతిమాలింది. నేను హిందీలో సమయపాలన, క్రమశిక్షణ, నాయకత్వం మీద రోజుకొకటి దంచాను. ఒక్కరూ పలకలేదు. "ఏటి నాన్నా ఇది, ప్లాట్‌ఫారం మీద అనౌన్స్‌మెంటులాగ! ఆకలేసిన మనిషి రాసినట్టు రాయి" అని కసిరింది.

ఆకలి అనగానే గుర్తొచ్చింది. కిరండూల్ లైనులో ఓ చిన్న స్టేషనుకు కొత్తగా మాస్టరునైనప్పుడు, మా ఆవిడ నా అన్నం డబ్బాను ఖనిజం గూడ్సు డ్రైవరు చేతికిచ్చి పంపేది. ఆ లైనులో మా అందరిళ్లలోనూ అదే పద్ధతి. ఒకరోజు ఆ గూడ్సు ఆగకుండా పోయిందనీ, నా భోజనం నా ముక్కు ముందు నుంచే వెళ్లిపోతుంటే పచ్చజెండా ఊపి దారిచ్చింది నేనేననీ రాసి పెట్టాను.

మర్నాటి నుంచి ఫోన్లే ఫోన్లు! విచిత్రమేమిటంటే, అందరిదీ ఒకటే మాట: "అంకుల్‌జీ, వో బైంగన్ వాలీ సబ్జీ మిలేగీ?" నా పోస్టులో వంకాయ కూర ఊసే లేదే!

"ఇంక మానక్కర్లేదు నాన్నా" అని నవ్వుతూ అమ్మాయి ఫోను నా చేతిలో పెట్టింది. నా పోస్టు కింద, వాళ్లమ్మ చెప్పగా తను హిందీలో పెట్టిన కామెంటు. నా పోస్టు కంటే దానికే ఎక్కువ లైకులు. ఆనాడు సాయంత్రం ఇంటికెళ్లి, కళ్లార్పకుండా మా ఆవిడకు ఆ కథ చెప్పి నమ్మించేశానని మురిసిపోయిన కుర్ర స్టేషన్ మాస్టరును తలుచుకుంటే, పాపం, ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ కామెంటు, మా ఆవిడ మాటల్లోనే, ఇదీ:

"బండి ఆగనేదేటి? ఆగింది. వంకాయ కూరని తెలిసి ఈయనే డబ్బా దించుకోనేదు. డ్రైవరు శుబ్బరంగా తినేసి, కాళీ డబ్బా నా చేతికిచ్చి, 'రేపు కూడా ఆయన ఒద్దంటే బావుణ్నమ్మా' అన్నాడు."